ఇరుకు గదిలో మైటర్ సా బండి

మైటర్ సా, అంటే కర్రను అడ్డంగా, కావలసిన కోణంలో కోసే కరెంటు రంపం, కొనేటప్పుడు బ్లేడు ఎన్ని అంగుళాలు, మోటారు ఎన్ని వాట్లు, ధర ఎంత అని చూస్తాం. ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాకే అసలు సంగతి తెలుస్తుంది. మిషన్ ఆక్రమించేది రెండడుగుల చోటు. దాని మీద కోయాల్సిన కర్ర ఎనిమిదడుగులు, ఒక్కోసారి పది. అంటే మనం గదిలో వెతకాల్సింది కర్రకు చోటు. అది దొరికితే మిషన్ ఎక్కడైనా ఇముడుతుంది. ఈ లెక్కతో మిషన్‌కు కట్టుకున్న కదిలే బండి నాకు బాగా పనికొచ్చింది. చిన్న గదిలో, పార్కింగ్ మూలలో చెక్కపని చేసుకునేవాళ్ళకు ఉపయోగపడుతుందని ఎలా కట్టానో వివరంగా రాస్తున్నాను.

నాది సికింద్రాబాద్‌లో పాత ఇల్లు. వెనకవైపు ఒకప్పుడు కట్టెలు, బొగ్గులు పోసుకున్న గదిని పనిగదిగా మార్చుకున్నాను. పొడవు పదకొండు అడుగులు, వెడల్పు ఏడు. కింద షాబాద్ బండలు. ఒక పొట్టి గోడకు తలుపు, ఎదురుగా ఉన్న పొట్టి గోడకు నిలువు ఊచల చెక్క కిటికీ. లోపల ఐదడుగుల పనిబల్ల, డ్రిల్లింగ్ స్టాండు, గోడకు ఆనించిన ప్లైవుడ్ ముక్కలు ఉన్నాయి. నేను ఎక్కువగా చేసేది కిటికీలకు దోమల జాలీ ఫ్రేములు, ఫోటో ఫ్రేములు, చిన్న స్టూళ్ళు. వీటన్నిటిలో ఒకే కొలత ముక్కలు చాలా కావాలి. ఫ్రేముకు ఎదురెదురు బద్దలు రెండూ సమానంగా లేకపోతే మూలలు ఎంత బాగా కోసినా అతకవు.

నా మిషన్ పది అంగుళాల బ్లేడుది. ముందుకు జరిగే స్లైడింగ్ రకం కాదు, పైనుంచి కిందికి దిగి కోసేది. ఐదంగుళాల వెడల్పు వరకు బద్దను ఒక్క కోతలో కోస్తుంది. నా పనికి అంతకన్నా అక్కర్లేదు. స్లైడింగ్ రకానికి వెనక పట్టాలు పొడుచుకొస్తాయి కాబట్టి గోడకూ మిషన్‌కూ మధ్య ఎప్పుడూ ఖాళీ వదలాలి. ఏడడుగుల వెడల్పు గదిలో ఆ ఖాళీ చాలా ఖరీదు.

మన వడ్రంగులు సైట్లలో ఈ మిషన్‌ని నేల మీదే పెట్టి, గొంతుకూర్చుని కోసేస్తారు. కర్ర రెండో కొస వేలాడకుండా, మిషన్‌లో కర్ర ఆనే పీట ఎత్తుకు సరిపడా చెక్కముక్క ఒకటి కింద పెడతారు. నేలంతా వాళ్ళకు బల్లే. చోటు ఆదా విషయంలో దానికి మించిన పద్ధతి లేదు. కానీ గంటల తరబడి అలా కూర్చోవడానికి చిన్నప్పటినుంచి అలవాటైన మోకాళ్ళు కావాలి. మొహం బ్లేడుకు దగ్గరగా ఉంటుంది, పొట్టంతా కళ్ళలోకి వస్తుంది. నిలబడి చేసే ఏర్పాటు కావాలనుకున్నాను. అయితే ఆ చెక్కముక్క ఆలోచన మాత్రం వదల్లేదు. కర్ర కొస కింద, అవసరమైన చోట, అవసరమైనంతసేపు మాత్రమే ఉండే ఊతం. ఈ బండి మొత్తం ఆ ముక్క చుట్టూ కట్టిందే.

ఎక్కువమంది గోడ పొడవునా స్థిరమైన బల్ల కట్టి, మధ్యలో పల్లం చేసి మిషన్‌ని దించుతారు. చూడ్డానికి చాలా బాగుంటుంది. పదీ పన్నెండు అడుగుల గోడ పూర్తిగా దానికే ఇచ్చేయగలిగితే అదే మంచిది. నాకైతే ఆ గోడ పోతే పనిబల్ల బయట పడుతుంది. ఇంకొకటి తిరగేసే బల్ల. పైన చిత్రిక మిషన్, అడుగున తలకిందులుగా మైటర్ సా. ఇరుసు మీద తిప్పితే ఏది కావాలంటే అది పైకి వస్తుంది. అది నాకు నచ్చలేదు. కోణాలు అంత శ్రద్ధగా కుదుర్చుకున్న మిషన్‌ని రోజూ తలకిందులుగా వేలాడదీయడం, లోపల ఇరుక్కున్న పొట్టు తిప్పిన ప్రతిసారీ కింద రాలడం ఒక ఎత్తు. అంతకన్నా పెద్ద లోపం, దానికి పక్క ఊతాలు ఉండవు. పొడవు కర్రకు మళ్ళీ విడిగా స్టాండ్లు వెతుక్కోవాలి. రెండు మిషన్లకు చోటు మిగిల్చి, కర్రను గాలికి వదిలేస్తుంది.

మా వీధిలో పెద్దవయసు వడ్రంగి ఒకాయన ఉన్నారు. ఈ ఇంటి గుమ్మాలు చేసింది ఆయన చేతులే. నేను సుద్దముక్కతో నేల మీద మిషన్ ఆకారం గీస్తుంటే చూసి, "ముందు కర్ర ఎటుకెల్లి వచ్చి ఎటు పోతదో గీయి బిడ్డా. మిషన్ మధ్యల యాడనన్న కూసుంటది" అన్నారు. "గది పదకొండు అడుగులే కదా తాతా, పదడుగుల బీడింగ్ పెడితే జరపడానికి చోటేదీ?" అని అడిగాను. ఆయన తలుపు వైపు, తర్వాత కిటికీ వైపు చూపించారు. అంతే, మొత్తం నమూనా అక్కడ మారిపోయింది.

తలుపూ కిటికీ ఎదురెదురుగా ఉన్నాయి. రెండిటి గుండా పోయే ఒక సరళరేఖ గీస్తే, ఆ గీత మీద కోసే కర్రకు గది గోడలు అడ్డే కావు. ఎనిమిదడుగుల బద్ద తలుపులోంచి రెండున్నర అడుగులు బయటికి పోయినా ఇబ్బంది లేదు. అటు కొస కోయాలంటే కిటికీ ఊచల మధ్యనుంచి బయటికి జరుపుకోవచ్చు. ఊచల మధ్య సందు సుమారు నాలుగు అంగుళాలు. నేను వాడే రెండంగుళాలు, మూడంగుళాల బద్దలు సులువుగా దూరతాయి. అందుకు రెండు షరతులు. మిషన్ ఫెన్స్, అంటే కర్ర వెనక ఆనే నిలువు అంచు, ఆ గీత మీదికి రావాలి. కర్ర ఆనే పీట ఎత్తు కిటికీ చట్రం అడుగు కమ్మీ కంటే పైన ఉండాలి. ఈ కిటికీకి దోమల జాలీని ఎత్తి పక్కన పెట్టుకునేలా విడి చట్రంలో బిగించాను.

గీత గోడకు దాదాపు రెండున్నర అడుగుల దూరంలో పడింది. అక్కడ మిషన్ శాశ్వతంగా ఉంటే గదిలో నడవడానికి దారి ఉండదు. కాబట్టి బండి కదలాలి. కోసేటప్పుడు గీత మీదికి రావాలి, పని అయ్యాక గోడకు అంటుకుపోవాలి. కదిలేదైతే కర్రకు ఊతమిచ్చే పక్క రెక్కలు మడవాలి. ఇంత తేలాక కొలతలు వాటంతటవే వచ్చాయి.

కిటికీ అడుగు కమ్మీ పైభాగం నేల నుంచి 925 మి.మీ. ఎత్తులో ఉంది. కర్ర తగలకుండా పోవాలని పీట ఎత్తు 940 పెట్టుకున్నాను. నిలబడి కోయడానికి అది నా ఎత్తుకు సరిపోయింది కూడా. మిషన్ పాదాల నుంచి పీట పైభాగం దాకా 92 మి.మీ. అంటే మిషన్ కూర్చునే పలక 848 మి.మీ. ఎత్తులో ఉండాలి. బండి పొడవు 600, లోతు 550. ఇరుపక్కల చెంపలు, అంటే పక్క చెక్కలు, మిషన్ పలకకంటే 92 మి.మీ. పైకి లేచి, సరిగ్గా పీట ఎత్తుకు వస్తాయి. మిషన్ ఆ రెండు చెంపల మధ్య తొట్టిలో కూర్చున్నట్టు ఉంటుంది. చెంపల నుంచి చెరొక వైపు 600 మి.మీ. రెక్క లేస్తుంది. తెరిస్తే మొత్తం ఆరడుగులు, మూస్తే రెండుంపావు.

ఇక్కడ ఒక విషయం తప్పక చూసుకోవాలి. మిషన్ తలను 45 డిగ్రీలకు తిప్పితే ముందున్న పిడి పక్కకు చాలా దూరం వస్తుంది. చెంపలు పూర్తి లోతున ఒకే ఎత్తులో ఉంటే ఆ పిడి, దాన్ని పట్టుకున్న చెయ్యి తగులుతాయి. మిషన్‌ని పలక మీద పెట్టి, తలను రెండు వైపులా చివరిదాకా తిప్పి, పిడి తిరిగే వంపును పెన్సిల్‌తో గీసుకున్నాను. చెంపల ముందుభాగాన్ని ఆ వంపుకు బయటగా కోసేశాను. వెనకవైపు కూడా అంతే. బ్లేడును పక్కకు వాల్చినప్పుడు మోటారు ఎక్కడికి వస్తుందో చూడాలి. కాగితం మీద కొలతలు నమ్ముకోకుండా మిషన్‌నే తిప్పి గీయడం మేలు.

ప్లైవుడ్ 18 మి.మీ. బీ.డబ్ల్యూ.ఆర్. రకం, అంటే మరిగే నీటికి తట్టుకునేది, తీసుకున్నాను. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 303 గుర్తు ఉన్నది. ఎం.ఆర్. రకం, అంటే చెమ్మకు మాత్రమే కొంత తట్టుకునేది, చౌకే గానీ వానాకాలం చెమ్మకు అంచులు ఉబ్బుతాయి. ఐ.ఎస్. 710 మెరైన్ రకం ఇంటిలోపలి బండికి అక్కర్లేని ఖర్చు. ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటి సరిపోయింది. వెనక పలకకు పాత 9 మి.మీ. ముక్క ఉంది. పద్దెనిమిది అని అమ్మే షీటు కచ్చితంగా పద్దెనిమిది ఉండకపోవచ్చు. నాది 17.4 వచ్చింది. గాడులు, చెంప ఎత్తులు లెక్క వేసేముందు మందం కొలుచుకోవాలి. బోల్టులు, చక్రాలు, బందులు రాణిగంజ్‌లో దొరికాయి. అక్కడ నట్టూ బోల్టూ తూకానికి కూడా ఇస్తారు. ఇలాంటి పనికి ఒకే సైజు డబ్బాలు కొనేకన్నా అది లాభం.

పెట్టె కట్టడం మామూలు బీరువా పనే. నీటికి తట్టుకునే ఫెవికాల్, స్క్రూలు, లోపల ఒక అర. వెనక పలకను మాత్రం జిగురుతో, దగ్గరదగ్గరగా స్క్రూలతో బిగించాలి. కోసేటప్పుడు పక్కకు ఊగకుండా పెట్టెను పట్టి ఉంచేది అదే. వెనక తెరిచి ఉన్న బల్ల ఎంత మందం చెక్కతో చేసినా ఊగుతుంది. అడుగు అరలో క్లాంపులు, స్క్రూల డబ్బాలు లాంటి బరువైనవి పెట్టాను.

కదిలే బండి అంటే అందరూ నాలుగు చక్రాలు వేస్తారు. లాక్ వేసినా చక్రం తన పిన్ను మీద కొంచెం ఆడుతూనే ఉంటుంది. పైగా షాబాద్ బండల మీద నాలుగు చక్రాలు ఒకేసారి నేలను తాకవు. బ్లేడు కర్రలోకి దిగే క్షణంలో బండి కదిలితే కోతలో గీత పడుతుంది, చేతికి కూడా ప్రమాదం. అందుకే రెండే చక్రాలు పెట్టాను. నాలుగంగుళాల స్థిర చక్రాలు, వెనక అంచు కింద, నేలకు మూడు మిల్లీమీటర్ల పైన. మామూలుగా బండి నాలుగు గట్టి కాళ్ళ మీద నిలబడుతుంది. ముందున్న పిడి పట్టుకుని రెండంగుళాలు లేపితే బరువు వెనక చక్రాల మీదికి వెళ్ళి, ముందుకు లాగితే వచ్చేస్తుంది. తోటపని తోపుడుబండిలా. ఒక కాలికి ఎం12 బోల్టు పెట్టి, నట్టు తిప్పి ఎత్తు సరిచేసుకునేలా ఉంచాను. నాలుగు కాళ్ళలో ఒకటి సర్దుకుంటే చాలు, ఊపు పోతుంది. గీత మీద బండి నిలిచే చోట నాలుగు కాళ్ళ గుర్తులు బండల మీద పెయింటుతో వేశాను. ప్రతిసారీ అక్కడే నిలుస్తుంది కాబట్టి రసమట్టం మళ్ళీ చూడనక్కర్లేదు, కర్ర కూడా నేరుగా కిటికీ ఊచల మధ్యకే పోతుంది.

ఇక రెక్కలు. ఈ పని మొత్తంలో ఎక్కువ ఓపిక పెట్టింది వీటి మీదే.

రెక్కను చెంపకు కలిపే బందును పైన బిగిస్తే దాని గుండ్రటి కణుపు కర్ర జారే దారిలోకి పొడుచుకొస్తుంది. అడుగున బిగించాలి. బందు ఒక ఆకు రెక్క అడుగుకు, రెండో ఆకు చెంప బయటి ముఖానికి. అప్పుడు రెక్క కిందికి మడుస్తుంది, పైన కర్రకు ఏదీ తగలదు. చెంపకు ఆనే రెక్క అంచు పొడవునా సాగే పియానో బందు వాడాను. చిన్న బందులు రెండు వేస్తే రోజులు గడిచేకొద్దీ రెక్క మెలి తిరుగుతుంది. రెక్క అడుగున ముందు అంచుకు సన్నని టేకు బద్ద అతికించాను. ప్లైవుడ్ ఒక్కటే అయితే బరువు పెట్టినప్పుడు నడుమ కుంగుతుంది.

రెక్కను మోసేది త్రికోణపు ఊతచెక్క. అది పెట్టె పక్కకు నిలువు బందుల మీద గేటులా తిరుగుతుంది. మూసినప్పుడు రెక్కకూ పెట్టెకూ మధ్య పడుకుంటుంది. అందుకోసం చెంప బయట 20 మి.మీ. బద్ద ఒకటి అడ్డుపెట్టి, రెక్క బందును దాని మీద బిగించాను. ఆ ఖాళీ లేకపోతే రెక్క పూర్తిగా మూసుకోదు. ఊతచెక్క కొసన నిలువుగా ఎం8 నట్టు దిగ్గొట్టి, దాంట్లో బోల్టు పెట్టాను. రెక్క ఆనేది ఆ బోల్టు తల మీద. ఎం8 బోల్టు ఒక చుట్టుకు 1.25 మి.మీ. లేస్తుంది. పావు చుట్టు అంటే 0.3. చెక్కను చెక్కుతూ, కాగితాలు దూర్చుతూ సాధించలేని సున్నితం స్పానర్ తిప్పితే వచ్చేస్తుంది. బోల్టు తల రాసుకునే చోట రెక్క అడుగున సన్‌మైకా ముక్క అంటించాను, ప్లైవుడ్ అరిగిపోకుండా.

రెక్క ఎత్తు పీటతో ఎంతవరకు సమానంగా ఉండాలి? తాపీ పనివాళ్ళు ప్లాస్టరింగ్‌కి వాడే పొడవాటి అల్యూమినియం పట్టీని పీట మీద ఆనించి, రెక్క మీదికి సాగేలా పెట్టి చూశాను. పట్టీకీ రెక్కకూ మధ్య ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు వదిలాను. రెక్క పీటకంటే వెంట్రుకవాసి కిందికి ఉండొచ్చు గానీ పైకి ఉండకూడదు. పైకి ఉంటే కర్ర బ్లేడు దగ్గర పీటను తాకకుండా గాల్లో నిలుస్తుంది. కోత మూలమట్టానికి రాదు. అంతకన్నా భయపడాల్సింది ఇంకొకటి. కోత పూర్తవుతుండగా గాల్లో ఉన్న కర్ర దిగి, రెండు వైపులనుంచీ బ్లేడును నొక్కుతుంది. బ్లేడు బిగుసుకుంటే మిషన్ ఎదురు తంతుంది.

ఫెన్స్ విషయంలో కూడా ఇదే సూత్రం. రెక్క మీది ఫెన్స్‌ను మిషన్ ఫెన్స్‌తో ఒకే వరుసలో పెట్టాలని అనిపిస్తుంది. పెట్టకూడదు. ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరపాలి. డిపో నుంచి వచ్చే ఏ బద్దా పూర్తి సూటిగా ఉండదు. దానికి ఆధారం మిషన్ ఫెన్స్ ఒక్కటే అయితే కోణం ఎప్పుడూ ఒకేలా వస్తుంది. రెక్క ఫెన్స్ ఒక్క మిల్లీమీటరు ముందుకు పొడుచుకొచ్చిందనుకోండి, 600 మి.మీ. దూరంలో అది కర్రను దాదాపు 0.1 డిగ్రీ తిప్పేస్తుంది. ఒక్క కోతలో కంటికి కనబడదు. ఫోటో ఫ్రేముకు నాలుగు మూలలు, ఎనిమిది కోతలు. అన్నిటిలో అదే తేడా అదే వైపు పడితే, చివరి మూల దగ్గర 0.8 డిగ్రీ సందు నోరు తెరుస్తుంది. పుట్టీ పెట్టి కప్పే పరిస్థితి అలా వస్తుంది. చెక్కపనిలో మూల అతుకే అందం. దాన్ని కప్పుకోవాల్సి రావడం నాకు చాలా బాధగా ఉంటుంది.

కుడి రెక్కకు నేను ఫెన్స్ పెట్టనేలేదు. పొడవు కర్ర తలుపు వైపునుంచి, అంటే కుడినుంచి వస్తుంది. అక్కడ కింద ఊతం ఉంటే చాలు. ఎడమ రెక్క మీద మాత్రం 60 మి.మీ. ఎత్తు ఫెన్స్, దాని తల మీద అల్యూమినియం టీ-ట్రాక్, అంటే టీ ఆకారపు గాడి ఉన్న పట్టీ. రెండు మరపిడులు వదులు చేస్తే ఊడి వస్తుంది, లేకపోతే రెక్క మడిచినప్పుడు బయటికి పొడుచుకుంటుంది. కావలసిన కొలత దగ్గర కర్ర కొసను ఆపే స్టాపర్ ట్రాక్‌లో జరుగుతుంది, దాన్ని టేకు ముక్కతో చేశాను, బందు మీద పైకి లేచేలా. మొదట కర్ర కొసను శుభ్రంగా కోసేటప్పుడు స్టాపర్ లేపి ఉంచి, తర్వాత దించి, కొసను ఆనించి కోయడమే. స్టాపర్ అడుగు మూలను ఏటవాలుగా చెక్కాలి. కోసిన పొట్టు ఆ మూలలోనే చేరుతుంది. దానికి చోటివ్వకపోతే ఐదారు ముక్కల తర్వాత కొలత అర మిల్లీమీటరు తగ్గిపోయి ఉంటుంది.

స్కేలు పట్టీ అతికించాలంటే ఎడమవైపుకు అంకెలు కుడినుంచి ఎడమకు పెరిగేది కావాలి. మామూలు టేపు ముక్క తలకిందులవుతుంది. సున్నాను బ్లేడు దగ్గర కొలిచి పెట్టే ప్రయత్నం చేయొద్దు. ఒక ముక్క కోసి, దాన్ని స్టీలు స్కేలుతో కొలిచి, ఆ అంకె మీదికి స్టాపర్ ముల్లును జరిపితే సరి. బ్లేడు మార్చినప్పుడు పళ్ళ మందం మారుతుంది, మళ్ళీ సరిచూసుకోవాలి.

జాలీ ఫ్రేములకు నాలుగైదు అడుగుల నిలువు బద్దలు కావాలి. స్టాపర్ మూడడుగుల దగ్గరే ఆగిపోతుంది. దానికి ఫెన్స్ వెనక గాడి కోసి 25 మి.మీ. చదరపు అల్యూమినియం గొట్టం దూర్చాను. లాగితే కిటికీ వైపు సాగుతుంది. కొసన చిన్న ఇనుప మడత ఉంది, కర్ర దానికి తాకి ఆగుతుంది. గొట్టం బరువు మోయదు, కొలత మాత్రమే చెబుతుంది. అందుకే అంత సన్ననిది సరిపోయింది.

పొట్టు సంగతి. మైటర్ సా పొట్టును వెనక్కి, విసనకర్ర ఆకారంలో వెదజల్లుతుంది. మిషన్‌తో వచ్చే గుడ్డసంచి అందులో కొంతే పడుతుంది. మిగతాది ఏడడుగుల గదిలో ఎక్కడికి పోతుంది? ముక్కులోకి, పనిబల్ల మీదికి. చెక్క పొట్టును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. టేకు పొట్టు కొందరికి ఒంటి మీద దద్దుర్లు కూడా తెస్తుంది. కాబట్టి మిషన్ వెనక, పక్కల, పైన మూసి, ముందు మాత్రం తెరిచిన గూడు కట్టాను. పక్కలు సన్న ప్లైవుడ్, పైన ఫ్లెక్సీ గుడ్డ. గుడ్డ ఎందుకంటే మిషన్ తల వెనక్కి లేచినప్పుడు, పక్కకు వాలినప్పుడు తగిలినా ఒంగిపోతుంది. అడుగు పలక ఏటవాలుగా గరాటులా ఒక రంధ్రంలోకి దిగుతుంది. దానికి వాక్యూమ్ గొట్టం, మధ్యలో సైక్లోన్ మూత, అంటే గాలిని సుడి తిప్పి పొట్టును కిందికి రాల్చే మూత, పెట్టిన పెయింట్ బకెట్. పొట్టు బకెట్‌లోనే పడిపోయి, వాక్యూమ్ ఫిల్టర్ త్వరగా మూసుకుపోకుండా ఉంటుంది. గూడు లోపల దీపం ఒకటి పెట్టుకోవాలి, లేకపోతే కోయాల్సిన పెన్సిల్ గీత కనబడదు. ఇంత చేసినా గాలిలో సన్నటి ధూళి మిగులుతుంది. ఎన్95 మాస్కు తీయను.

కరెంటుకు 16 ఆంపుల ప్లగ్గు, 2.5 చదరపు మి.మీ. వైరు. సన్న ఎక్స్‌టెన్షన్ మీద ఈ మోటారు మొదలైనప్పుడు వోల్టేజీ పడిపోతుంది. వైరును గూడు వెనకనుంచి తెచ్చాను, బ్లేడు దరిదాపులకు రాకుండా.

బండి నిలిచాక మొదటి పరీక్ష కోణానిది. సూటిగా చిత్రిక పట్టిన వెడల్పు బద్దను 90 డిగ్రీల దగ్గర కోసి, ఒక ముక్కను బోర్లా తిప్పి, రెండు కొసలు మళ్ళీ కలిపి పట్టీకి ఆనించాను. కోత సరిగ్గా మూలమట్టానికి ఉంటే సందు ఉండదు. ఉంటే అసలు తేడాకు అది రెట్టింపు కనిపిస్తుంది. మూలమట్టం కంటే ఈ పరీక్ష మీద నాకు నమ్మకం ఎక్కువ. ఆ తర్వాత 45 దగ్గర ఎనిమిది కోతలు కోసి, జిగురు లేకుండా ఫ్రేము అమర్చి చూసుకోవాలి. రెక్కలు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి కోయండి. రెండు ఫ్రేములూ ఒకేలా వస్తే రెక్కలు కర్రను తప్పుదోవ పట్టించడం లేదన్నమాట.

తలుపులోంచి, కిటికీలోంచి కర్ర బయటికి పోయే ఏర్పాటులో జాగ్రత్త కూడా ఉంది. మా సందులో పిల్లలు పరుగెడుతుంటారు. కోతకు ముందు బయటికి పోయే కొసకు ఎర్రగుడ్డ కడతాను. తలుపు దగ్గర ఒక స్టూలు అడ్డుపెడతాను. ఎవరైనా కర్రను తగిలిస్తే ఆ కదలిక నేరుగా బ్లేడు దగ్గరికి వస్తుంది. చెయ్యి బ్లేడుకు ఆరంగుళాల లోపలికి రానివ్వకూడదు. అంతకంటే పొట్టి ముక్కను క్లాంపుతో పట్టించాలి. కోత అయ్యాక మీట వదిలి, బ్లేడు పూర్తిగా ఆగాకే తల లేపాలి. స్టాపర్ వాడేటప్పుడు ఇది మరీ ముఖ్యం. తెగిన ముక్క స్టాపర్‌కూ బ్లేడుకూ మధ్య ఉంటుంది, తిరుగుతున్న బ్లేడు పైకి లేస్తూ దాన్ని విసిరేయగలదు. చేతికి గ్లౌజులు వద్దు. చున్నీ, వేలాడే చొక్కా చేతులు ముందే సర్దుకోవాలి. చెవులకు మఫ్స్ పెట్టుకోవాలి. ఈ మోత గదిలో రెండింతలుగా వినిపిస్తుంది. పక్కింటివాళ్ళు కునుకు తీసే మధ్యాహ్నం వేళ నేను కోయను.

వానాకాలం వచ్చాక బండిని చాలా శ్రద్ధగా గమనించాను. ప్లైవుడ్ అంచులన్నిటికీ ముందే రెండు పూతలు లక్క పాలిష్ వేశాను, ఉబ్బలేదు. రెక్కల బోల్టులను మాత్రం పావు చుట్టు దించాల్సి వచ్చింది. చెమ్మకు ఊతచెక్కలు కొద్దిగా పెరిగాయి. ఎండలు వచ్చాక మళ్ళీ పైకి తిప్పాలి. ఈ బోల్టులు, కాలి నట్టు మీద గ్రీజు రాసి ఉంచితే తుప్పు పట్టి బిగుసుకోవు.

స్లైడింగ్ మైటర్ సా ఉన్నవాళ్ళు ఇదే నమూనా కట్టుకోవాలంటే కొన్ని మార్పులు కావాలి. గూడు లోతు పెంచాలి. పట్టాలు పూర్తిగా వెనక్కి వెళ్ళినప్పుడు ఎంత పొడుచుకొస్తాయో కొలిచి, దానికి ఇంకో రెండంగుళాలు కలపాలి. ఎలాగూ బండిని గోడనుంచి ముందుకు లాగి పనిచేస్తాం కాబట్టి కోసేటప్పుడు ఆ లోతు ఇబ్బంది కాదు. గోడకు చేర్చినప్పుడే చూసుకోవాలి. పెద్ద మార్పు కాళ్ళది. తలను ముందుకు లాగినప్పుడు మోటారు బరువంతా ముందు అంచుమీద పడుతుంది. ముందు కాళ్ళను పెట్టె కంటే నాలుగైదు అంగుళాలు బయటికి సాగదీయాలి, బరువు సామాను అడుగు అరలో వెనక్కి పెట్టాలి. బండిని లేపి జరిపేముందు తలను వెనక్కి నెట్టి, లాక్ పిన్ను వేసి తీరాలి.